పాత బీరువా, పడక కుర్చీ, పొదుగు పెట్టె: వయసు ఎలా తేల్చాలి, ధర ఎలా కట్టాలి

పర్లాకిమిడి నుంచి మీరు రాసిన ప్రశ్ననూ, దానితో పంపిన ఫొటోలనూ శ్రద్ధగా చూశాను. బరంపురంలోని ఒక పాత సామాను దుకాణంలో మీకు మూడు వస్తువులు నచ్చాయి: నిలువుటద్దం ఉన్న బీరువా, చేతులు బాగా ముందుకు సాగిన పేము అల్లిక పడక కుర్చీ, నలుపు తెలుపు పొదుగు పని (చెక్కలో వేరే పదార్థపు ముక్కలు పొదిగే పని) ఉన్న చిన్న పెట్టె. ఇవి ఒక జమీందారు గారి కోటలోంచి వచ్చాయనీ, నూట యాభై ఏళ్ళ నాటివనీ, బీరువా అసలైన ఇరుగుడు చెక్కతో, అంటే రోజ్‌వుడ్‌తో చేసినదనీ దుకాణదారు చెప్పి, మూడింటికీ కలిపి 1,40,000 రూపాయలు అడిగారు. అవి నిజంగా అంత పాతవేనా, ఆ ధర న్యాయమైనదేనా అన్నది మీ సందేహం. ముందుగా నా అభిప్రాయం చెప్పి, తర్వాత కారణాలు వివరిస్తాను. బీరువా మంచి వస్తువే కాని నూట యాభై ఏళ్ళది కాదు, ఇరుగుడు కూడా కాకపోవచ్చు. కుర్చీ ఈ మూడింటిలోనూ మేలైనది. పెట్టెను మాత్రం దాని పొదుగు దేనితో చేశారో తేలేదాకా ముట్టుకోవద్దు. తేలిన తర్వాత కూడా బహుశా కొనకూడదు.

జమీందారు గారి కథ అబద్ధమని నేను అనను. గంజాం ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. పర్లాకిమిడి, చికిటి, ధరాకోట, కల్లికోట వంటి సంస్థానాల కోటలలోనూ, ఛత్రపురం కలెక్టరు కచేరీలోనూ, గోపాలపురం సముద్రపు ఒడ్డు బంగళాలలోనూ, రైల్వే విశ్రాంతి గదులలోనూ ఉండిన సామానంతా మద్రాసు, విశాఖపట్నం పద్ధతులను అనుసరించినదే. 1951లో ఒడిశా ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి సంస్థానాల ఆదాయం పోయాక, పెద్ద ఇళ్ళలోని సామాను విడివిడిగా, చాలాసార్లు లెక్కాపత్రం లేకుండా బయటికి వచ్చింది. కాబట్టి కోటలోంచి వచ్చిందన్న మాట నిజమయ్యే అవకాశం ఎప్పుడూ ఉంది. అయితే అదే మాట ఈ ప్రాంతంలోని ప్రతి పాత బీరువా గురించీ చెబుతారు. వేలం రసీదు, సంస్థానం సామాను పట్టీలోని నంబరుతో సరిపోయే గుర్తు, అదే వస్తువు కనిపించే పాత ఫొటో, వీటిలో ఏదో ఒకటి చేతికి ఇస్తే ఆ కథకు విడిగా ధర కట్టవచ్చు. అవేవీ లేనప్పుడు చెక్కకూ, పనితనానికీ, వస్తువు ఎంత చెక్కుచెదరకుండా మిగిలిందన్నదానికీ మాత్రమే డబ్బు ఇవ్వాలి.

ఇక బీరువా విషయం. మీ మూడవ ఫొటోలో వెనుక పలక ప్లైవుడ్ అని స్పష్టంగా కనిపిస్తోంది. ఐదవ ఫొటోలో కుడి తలుపు బందులకు, తల మీద కూడిక గుర్తు గాడి ఉండే స్టార్ స్క్రూలు ఉన్నాయి. పై అంచు మెట్లుమెట్లుగా ఉండి, ముందు మూలలు గుండ్రంగా తిరిగాయి. ఈ మూడింటినీ మూడు వేర్వేరు సాక్ష్యాలుగా తీసుకోవాలి, ఎందుకంటే మూడింటి బరువూ ఒకటి కాదు.

ఏ వస్తువైనా అందులో మొదటి నుంచీ ఉన్న భాగాలలో అన్నిటికంటే కొత్తదాని కంటే పాతది కావడం సాధ్యం కాదు. ఇందులో "మొదటి నుంచీ ఉన్న" అన్నదే కీలకం. స్టార్ స్క్రూకు అమెరికాలో పేటెంటు వచ్చింది 1936లో. మన దేశంలోని మిస్త్రీల చేతికి అది అందినది ఇంకా చాలా తర్వాత. కాని బందు ఊడిపోతే ఎవరైనా కొత్త స్క్రూ బిగించి ఉండవచ్చు కాబట్టి, ఆ స్క్రూ ఒక్కదానితో బీరువా వయసు తేలదు. ఎడమ తలుపు బందులకు ఒకే గాడి ఉన్న పాత స్క్రూలు ఉన్నాయేమో చూడండి. బందు పక్కన పూడ్చిన పాత రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. అవి ఉంటే స్టార్ స్క్రూ మరమ్మతు గుర్తు మాత్రమే. ప్లైవుడ్ విషయంలోనూ ఇదే పరీక్ష. బీరువాను గోడ నుంచి జరిపించి, వెనుక చట్రం లోపలి అంచున పలకలు దిగడానికి తీసిన గాడి ఉందా, ఇప్పటి ప్లైవుడ్ ఆ గాడిలో కూర్చుందా, లేక గాడిని వదిలేసి పైనుంచి మేకులతో కొట్టారా అన్నది వేలితో తడిమి తెలుసుకోండి. గాడి ఖాళీగా ఉండి ప్లైవుడ్ పైన కొట్టి ఉంటే, అసలు పలకలు చెదలు తినడం వల్లనో తడవడం వల్లనో పోయాయన్నమాట. గాడి ప్లైవుడ్ మందానికే సరిగ్గా తీసి ఉంటే, బీరువా పుట్టినప్పటి నుంచీ అది ప్లైవుడ్ వెనుకతోనే ఉంది, అప్పుడు అది ఇరవయ్యో శతాబ్దపు వస్తువు అన్నదానిలో చర్చ ఉండదు.

మూడవ సాక్ష్యం, అంటే రూపం, అన్నిటికంటే బలహీనమైనది. మెట్ల అంచులు, గుండ్రటి మూలలు 1930లలోనూ 1940లలోనూ పట్టణాలలో బాగా నడిచిన ఫ్యాషను. అయితే మన వైపు మిస్త్రీలు ఒకసారి చేతికి అబ్బిన నమూనాను ముప్ఫై నలభై ఏళ్ళు కూడా అలాగే చేస్తూ వచ్చారు. కాబట్టి రూపాన్ని బట్టి "అంతకంటే పాతది కాదు" అని చెప్పగలమే తప్ప "సరిగ్గా అప్పటిదే" అని చెప్పలేము. మూడు సాక్ష్యాలనూ కలిపి చూస్తే మీ బీరువా 1930ల చివరి నుంచి 1950ల మధ్యలో తయారైనదని నా అంచనా. ఆ కాలపు పనిలో చెక్క మందం, అతుకుల గట్టిదనం చాలా బాగుండేవి కాబట్టి నూట యాభై ఏళ్ళది కాకపోవడం వల్ల దాని విలువ అంతా పోయిందని అనుకోవద్దు.

సొరుగు ఒకటి పూర్తిగా బయటికి లాగి తలకిందులు చేసి చూడడానికి దుకాణదారు ఒప్పుకోకపోతే ఆ బేరం అక్కడితో ఆపవలసిందే. వస్తువు గురించి సొరుగు చెప్పినంత నిజం ఇంకేదీ చెప్పదు. ముందు పలకా పక్క పలకా కలిసే చోట, మిస్త్రీలు డౌటేల్ అనే విచ్చుకున్న పళ్ళ అతుకు ఉంటుంది. చేత్తో కోసినదైతే పళ్ళ వెడల్పులు ఒకదానికొకటి కొద్దికొద్దిగా తేడాగా ఉంటాయి, ఉలి ఎక్కడి దాకా దిగాలో గుర్తు పెట్టుకోవడానికి గీసిన సన్నని గీత పళ్ళ మొదట కనిపిస్తుంది. యంత్రం కోసినదైతే పళ్ళన్నీ ఒకే కొలతలో ఉంటాయి. సొరుగు అడుగు అంచులు, అది జారే పట్టీలు, దశాబ్దాల వాడకంలో అరిగి మధ్యలో గుంట పడి ఉండాలి. అంచులన్నీ పదునుగా ఉండి వస్తువు మాత్రం వందేళ్ళదంటే నమ్మకూడదు. అడుగు పలక మీద చూపును పక్కవాటుగా వేసి రంపపు గీతలు చూడండి. ఇద్దరు మనుషులు పైనా కిందా నిలబడి లాగిన రంపం గీతలు నిటారుగా, కొంచెం హెచ్చుతగ్గులుగా ఉంటాయి. గుండ్రటి మిల్లు రంపం విల్లు వంపు గీతలు వదులుతుంది. పాలిష్ ఎప్పుడూ తగలని లోపలి చెక్క గాలికి క్రమంగా పొడిబారి ముదురుతుంది, కాని ఆ ముదురు అన్నిచోట్లా సమంగా ఉండదు: గాలి తగిలిన చోట ఎక్కువ, పలక మీద పలక ఆనిన చోట తక్కువ. లోపలంతా ఒకే రంగు పూసినట్టు ఉంటే, అది నిజంగా పూసినదే.

ఇంకొక పరీక్ష చాలామందికి తెలియదు, కాని ఖర్చు లేనిది. చెక్క ఎండే కొద్దీ పొడవున దాదాపు కుదించుకోదు, అడ్డంగా మాత్రం కుదించుకుంటుంది. అందువల్ల తరిణె (లేత్) మీద తిప్పి చెక్కిన గుండ్రటి కాలు చాలా ఏళ్ళ తర్వాత సన్నని కోడిగుడ్డు వాటానికి వస్తుంది. కాలిపర్ ఉంటే దానితో, లేకపోతే గట్టి కాగితంలో కోసుకున్న కొలపట్టీతో, ఒకే చోట రెండు దిక్కుల మందమూ కొలవండి. అణుమాత్రం తేడా కూడా లేకపోతే ఆ కాలు ఇటీవలిదని అనుమానించవచ్చు. తలుపు చట్రంలోని పలకల అంచున పాలిష్ లేని సన్నని గీత కనిపించడం కూడా ఇదే కారణంగా జరుగుతుంది: పలక కుదించుకుని, మొదట గాడిలో దాగి ఉన్న భాగం బయటపడుతుంది.

చెక్క ఏదన్నది తేల్చడానికి రంగును నమ్మవద్దు. ఇక్కడి దుకాణాలలో శాగువాన్ అన్నా టేకు అన్నా ఒకటే. శిశు అని చెప్పి అమ్మేది మాత్రం చాలాసార్లు సిస్సు చెక్క, ఇరుగుడు కాదు. పియాశాల అనేది మన వేగిస. మామిడి, పనస, గుమ్ముడు టేకు చెక్కలకు ముదురు రంగు పట్టించి ఇరుగుడుగా చూపడం పాత అలవాటే. సొరుగు పలక చివర, అడ్డకోత కనిపించే చోట, చిన్న టార్చి వేసి చూడండి. టేకులో ఏటా ఏర్పడే వలయాల వెంబడి పెద్ద రంధ్రాలు వరుసగా గీతలాగా తీరి ఉంటాయి, ముట్టుకుంటే నూనె తగిలినట్టు ఉంటుంది, గీరితే తోలు వాసన వస్తుంది. ఇరుగుడులో రంధ్రాలు అంతటా చెదిరి ఉంటాయి, ఊదా నలుపు చారలు చెక్క లోతుల దాకా పోతాయి, తాజాగా గీరిన చోట తియ్యటి వాసన వస్తుంది. వేగిస రజను నీళ్ళలో వేస్తే కొంతసేపటికి నీళ్ళు వెలుగులో నీలి జిగి చూపిస్తాయి. ఇది మన వాళ్ళకు తెలిసిన పరీక్షే. మీ బీరువా తలుపు లోపలి అంచున పాలిష్ లేచిపోయిన చోట లేత గోధుమ రంగు కనిపిస్తోంది, ఇరుగుడైతే అక్కడ కూడా ముదురుగానే ఉండాలి. నా ఉద్దేశంలో అది రంగు పట్టించిన టేకు. బరువు కూడా సాక్ష్యం చెబుతుంది: ఎండిన టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగితే, ఇరుగుడు సుమారు 24 కిలోలు తూగుతుంది. తలుపు ఒకదాన్ని బందుల నుంచి విడదీసి ఎత్తితే ఆ తేడా చేతికే తెలుస్తుంది.

"బర్మా టేకు" అన్న మాటకు అదనపు ధర ఇవ్వకండి. గోపాలపురం రేవు నుంచి రంగూనుకు స్టీమర్లు నడిచి, మన పల్లెల కూలీలు వేల సంఖ్యలో వెళ్ళివచ్చిన రోజులున్నాయి కాబట్టి ఆ మాట ఈ ప్రాంతంలో అందరి నోటా నానింది. బర్మా చెక్క మన తీరానికి వచ్చిన మాటా నిజమే. అయితే తయారైన బీరువాను కంటితో చూసి అది బర్మా టేకా, ఒడిశాలోని జయపురం అడవుల టేకా అని ఖాయంగా చెప్పడం ఎవరివల్లా కాదు. దానికి బదులు పలక వెడల్పు చూడండి. అడుగున్నర వెడల్పు ఉన్న పలక అతుకు లేకుండా ఒకే చెక్కగా ఉంటే, అది ఏ అడవిదైనా విలువైనదే, ఎందుకంటే అంత లావు చెట్టు కోత ఇప్పుడు దొరకడం కష్టం. పలకలో లేత పసుపు పాలచెక్క (మాను బయటి వైపు చెక్క) ఎంత తక్కువగా, ముదురు చేవ (లోపలి గట్టి చెక్క) ఎంత ఎక్కువగా ఉంటే అంత మంచిది.

మన జిల్లాలలో ప్రత్యేకంగా చూడవలసినది తుపాను తడి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లాను ముంచెత్తింది. ఆ తర్వాత నీళ్ళలో నానిన సామాను చాలా దుకాణాలకు చేరింది. నానిన బీరువా పైకి పాలిష్ వేస్తే మెరుస్తుంది. కాళ్ళ కింది భాగంలో అడ్డంగా ఒకే ఎత్తున సాగిన నల్లటి గీత, అడుగు పలక పొరలు విడడం, మేకు తలల చుట్టూ తుప్పు నల్లగా చెక్కలోకి దిగడం, కుసి (అతుకు కోసం చెక్క చివర చెక్కిన నాలుక) బెజ్జంలో వదులై తలుపు మూలలు ఏటవాలుగా కావడం, ఇవన్నీ ఆ తడి గుర్తులు. కాళ్ళ చివరలను తప్పకుండా తలకిందులు చేసి చూడండి. ఇనుప స్క్రూడ్రైవరు మొనతో మెల్లగా నొక్కితే మెత్తగా దిగిపోయే చెక్క చచ్చిపోయిన చెక్క. సముద్రపు గాలి తగిలిన బంగళాల సామానులో ఇత్తడి మీద పచ్చటి చిలుము ఉండడం సహజమే, అది దోషం కాదు.

ఇతర అమరికల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. నిలువుటద్దం అంచు వాలుగా అరగదీసి ఉండి, వెనుక పూత అక్కడక్కడా నల్లబడి ఉంటే అది పాతదే. దాన్ని "బాగు చేయిస్తాం" అన్న మాటకు లొంగకండి, కొత్త అద్దం వేస్తే విలువ తగ్గుతుంది. తాళం మీద గోద్రెజ్ పేరుంటే ఆ కంపెనీ తాళాల తయారీ మొదలుపెట్టిన 1897 తర్వాతిదని మాత్రమే తెలుస్తుంది. కుర్చీ వెనుక పట్టీ మీద బి.ఎన్.ఆర్. అక్షరాలు ఉలితో చెక్కి ఉన్న సామాను మీకు ఎప్పుడైనా కనిపిస్తే వదలకండి: బెంగాల్ నాగపూర్ రైల్వే 1952లో ఆ పేరు కోల్పోయింది కాబట్టి, ఆ అక్షరాల అంచులు కూడా చుట్టూ ఉన్న చెక్కతో పాటు అరిగి ఉంటే, వయసుకు అంతకంటే మంచి ఆధారం మన వైపు అరుదు. మిగిలిన సామాను మీద తయారీదారు పేరు సాధారణంగా ఉండదు. ఇక్కడి వడ్రంగులు గొప్ప పని చేసి పేరు రాయకుండా వదిలేశారు. పేరు లేకపోవడం లోపం కాదు.

కుర్చీ గురించి మీరు రెండు వాక్యాలే రాశారు, కాని దాని మీద నాకు ఎక్కువ ఆసక్తి కలిగింది. చేతులు అంత ముందుకు సాగడం కాళ్ళు వాటి మీద చాచుకోవడానికి. దొరల బంగళాలలోనూ, తోటల యజమానుల ఇళ్ళలోనూ, ఆ తర్వాత మన పెద్ద ఇళ్ళ వరండాలలోనూ ఇవి ఉండేవి. మీ ఫొటోలో వెనుక కాలూ వీపు పట్టీ ఒకే చెక్క నుంచి వంపుగా కోసినట్టు కనిపిస్తున్నాయి. అలా కోయడానికి పెద్ద దుంగ కావాలి, సగం చెక్క వృథా అవుతుంది, అందుకే ఇప్పుడు చేసేవారు రెండు ముక్కలు కలిపి అతుకు దాచిపెడతారు. ఆ వంపు దగ్గర గీత ఉందేమో వేలిగోటితో వెతకండి. పేము అల్లిక చట్రంలోని వరుస రంధ్రాల గుండా ఒక్కొక్క తీగగా దిగి ఉంటే అది చేతి అల్లిక. చట్రం చుట్టూ గాడి తీసి, తయారుగా అల్లిన చాపను అందులో నొక్కి పైన సన్నని పట్టీ కొట్టి ఉంటే, చట్రమే కొత్తదై ఉండవచ్చు, లేదా పాత రంధ్రాలు పూడ్చి తక్కువ ఖర్చుతో మరమ్మతు చేసి ఉండవచ్చు. అల్లిక తెగి ఉండడం మీకు అనుకూలమే: కొత్తగా అల్లించడం సాధ్యమైన పని, ఆ ఖర్చు చూపి బేరం ఆడవచ్చు. విరిగిన చట్రం మాత్రం వేరే సంగతి.

ఇక పెట్టె. విశాఖపట్నంలో పద్దెనిమిదో శతాబ్దంలోనే దంతపు పొదుగు పని, దంతపు రేకుల పని గొప్ప స్థాయికి చేరింది. ఈస్టిండియా కంపెనీ అధికారులు అక్కడ కుర్చీలు, బల్లలు, పెట్టెలు చేయించుకున్నారు; పందొమ్మిదో శతాబ్దంలో గంధపు చెక్క మీద దంతం, కొమ్ము, దుప్పి కొమ్ము రేకులతో చిన్న పెట్టెలు చాలా తయారయ్యాయి. మీ ఊరు పర్లాకిమిడి గేదె కొమ్ము పనికి ప్రసిద్ధి కాబట్టి కొమ్ము నిగనిగ మీకు పరిచయమే. నలుపు భాగం కొమ్మే అయి ఉండవచ్చు. ప్రశ్న తెలుపు భాగానిది. భూతద్దంతో చూస్తే ఎముకలో సన్నని నల్లటి చుక్కలు, గీతలు కనిపిస్తాయి, అవి ఒకప్పటి రక్తనాళాల దారులు. ఏనుగు దంతంలో ఆ చుక్కలు ఉండవు. అడ్డకోతలో ఒకదాన్నొకటి దాటే వంపు గీతల వల కనిపిస్తుంది. ప్లాస్టిక్ అయితే ఏ గీతా లేకుండా ఉంటుంది, లేదా యంత్రం గీసినట్టు సమాన దూరపు గీతలు ఉంటాయి. సూది కాల్చి గుచ్చే పరీక్ష చేయనివ్వవద్దు, అది వస్తువును పాడుచేస్తుంది.

అది దంతమైతే కొనడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ మన దేశపు ఏనుగు దంతం వ్యాపారాన్నీ, 1991లో చేసిన సవరణ బయటి నుంచి వచ్చిన ఆఫ్రికా దంతం వ్యాపారాన్నీ నిషేధించాయి. వస్తువు ఎంత పాతదైనా, ఎంత చిన్నదైనా ఇది వర్తిస్తుంది. వారసత్వంగా వచ్చిన దంతపు వస్తువుకు యాజమాన్య ధ్రువపత్రం ఉన్న కుటుంబాలు ఉన్నాయి, కాని ఆ పత్రం ఇంట్లో ఉంచుకోవడానికే తప్ప అమ్మడానికి పనికిరాదు. దుప్పి కొమ్ము, తాబేటి చిప్ప కూడా ఇదే చట్టం కిందికి వస్తాయి. "పాత వస్తువు కదా, ఏమీ కాదు" అని దుకాణదారు అంటే ఆ భరోసా మీకు ఏ విధంగానూ రక్షణ ఇవ్వదు. తెలుపు భాగం ఎముక అనీ, నలుపు గేదె కొమ్ము అనీ ఖాయంగా తేలితేనే ఆలోచించండి. దీనితో పాటు తెలుసుకోవలసిన మరో చట్టం 1972 నాటి పురావస్తువుల, కళా సంపదల చట్టం: నూరేళ్ళు దాటిన పురావస్తువును దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తులకు నిషిద్ధం. విదేశంలో ఉన్న మీ అబ్బాయికి పంపే ఆలోచన ఉందని రాశారు కాబట్టి చెబుతున్నాను. మీ బీరువాకూ కుర్చీకీ ఆ వయసు లేదని నా అంచనా, అయినా పంపేటప్పుడు పురావస్తు కాదన్న ధ్రువపత్రం పురావస్తు శాఖ నుంచి తీసుకుంటే కస్టమ్స్ దగ్గర ఇబ్బంది ఉండదు.

ధర కట్టడంలో నేను మొదట చెక్కతో మొదలుపెడతాను, ఎందుకంటే అది ఎవరూ కాదనలేని లెక్క. మీరు ఇచ్చిన కొలతల ప్రకారం బీరువా ఆరున్నర అడుగుల ఎత్తు, నాలుగు అడుగుల వెడల్పు, అడుగు ముప్పావు లోతు. రెండు పక్కలూ కలిపి సుమారు 23 చదరపుటడుగులు. అద్దం స్థలం తీసేస్తే ముందు భాగం 20. నాలుగు అరలు 28. పైకప్పూ అడుగూ కలిపి 14. మొత్తం సుమారు 85 చదరపుటడుగులు. పలక మందం అంగుళం అనుకుంటే పన్నెండుతో భాగించాలి, ఏడు ఘనపుటడుగులు వస్తుంది. కాళ్ళకూ, పై అంచుకూ మరొకటి కలిపితే ఎనిమిది. లెక్క సౌకర్యం కోసం ఘనపుటడుగు టేకు 4,000 రూపాయలు అనుకుంటే చెక్క విలువ 32,000. ఇప్పుడు అరలు టేకు కాక మామిడి చెక్క అని తేలితే ఆ 28 చదరపుటడుగులు పోయి టేకు ఆరు ఘనపుటడుగులకు కాస్త తక్కువకు దిగుతుంది, విలువ 23,000కు పడిపోతుంది. పాత బీరువాలలో కంటికి కనిపించని చోట చవక చెక్క వాడడం మామూలే కాబట్టి ప్రతి అరనూ విడిగా చూడాలి. మీ ఊళ్ళో కోత మిల్లులో ఈ వారం ధర అడిగి నా 4,000 స్థానంలో అది పెట్టుకోండి.

దాని మీద పనితనం విలువ కలపాలి. అదే కొలతలతో, అదే మందంతో, కుసి బెజ్జం అతుకులతో కొత్త బీరువా చేయడానికి నమ్మకమైన మిస్త్రీ ఎంత కూలి అడుగుతాడో కనుక్కోండి. పాత వస్తువుకు ఆ కూలిలో సగం దాకా ఇవ్వడం నాకు సమంజసంగా అనిపిస్తుంది. పాలిష్ మొదటిదై ఉంటే, అద్దమూ తాళాలూ పిడులూ మొదటివే అయితే మరికొంత. పాలిష్ పరీక్ష సులువు: కనిపించని మూల దూదికి స్పిరిట్ అద్ది రుద్దితే పాత లక్క పాలిష్ కరిగి దూదికి అంటుతుంది, ఇప్పటి పాలియురేథేన్ పూత కదలదు. ఆ తర్వాత మరమ్మతులన్నీ తీసివేయాలి: వెనుక పలక మార్చడం, బందులు, పురుగు మందు, పర్లాకిమిడి దాకా లారీ కిరాయి. ఈ విధంగా లెక్కిస్తే, వెనుక ప్లైవుడ్ మొదటిదైనా కాకపోయినా, చెక్క అంతా టేకే అయితే నేను ఈ బీరువాకు 40,000 నుంచి 45,000 మధ్య ఇస్తాను. కుర్చీ చట్రం గట్టిగా ఉండి వెనుక కాలు ఒకే చెక్క అని తేలితే 15,000 దాకా ఇవ్వడానికి వెనుకాడను.

దుకాణదారు ఫోనులో చూపించే ధరలు చూసి తడబడకండి. చండీగఢ్ ప్రభుత్వ కార్యాలయాల కోసం 1950లలో చేసిన టేకు, పేము కుర్చీలు విదేశీ వేలాలలో లక్షలు పలకడం నిజమే. ఆ ధర టేకుకూ పేముకూ వచ్చినది కాదు, వాటిని రూపొందించిన వాస్తుశిల్పి పియరీ జానరే పేరుకూ, ఆ కార్యాలయాల గుర్తింపు అంకెలకూ వచ్చినది. మన వరండా కుర్చీకి ఆ లెక్క వర్తించదు. అలాగే దుకాణం అమ్మే ధర ఒకటి, రేపు మీరే అమ్మబోతే చేతికి వచ్చేది మరొకటి. రెండోది ఎప్పుడూ బాగా తక్కువ. లాభం కోసం కాక ఇంట్లో వాడుకోవడం కోసం కొంటేనే ఈ డబ్బు సార్థకం.

కొన్న తర్వాత వెంటనే పాలిష్ గీకించకండి. ఇక్కడ ఎంతోమంది పాత సామాను కొని, మొదటి పనిగా యంత్రంతో రాకించి, అరవై డెబ్బై ఏళ్ళలో ఏర్పడిన రంగును ఒక్క పూటలో పోగొట్టుకుంటారు. అది నన్ను నిజంగా బాధిస్తుంది, ఎందుకంటే దాన్ని తిరిగి తేవడం ఎవరికీ సాధ్యం కాదు. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, మైనం పట్టించి వదిలేయండి. మొదటి రెండు వారాలూ మిగతా సామానుకు దూరంగా ఉంచి, కాళ్ళ కింద నల్ల కాగితం పరవండి. కాగితం మీద పసుపచ్చటి పిండి రాలితే పురుగు ఇంకా బతికే ఉంది. పాలిష్ లేని లోపలి ముఖాలకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం రెండు మూడు సార్లు పట్టించాలి. రంధ్రాలు ఉండి పిండి రాలకపోతే అవి పాతవి, భయం లేదు.

ఈసారి దుకాణానికి వెళ్ళినప్పుడు సొరుగు మూల అతుకు, వెనుక చట్రం గాడి, ఎడమ తలుపు బందులు, కుర్చీ వెనుక కాలి వంపు, ఈ నాలుగింటినీ పగటి వెలుతురులో దగ్గరగా ఫొటో తీసి పంపండి. అప్పుడు కాలం విషయంలోనూ, నేను చెప్పిన ధరల విషయంలోనూ ఇంకాస్త గట్టిగా చెప్పగలను. అంతవరకు అడ్వాన్సు ఇవ్వకండి.